నాలుగు పాళ్లు, ఆరు పాళ్లు

ఉరవకొండ,
12 జూన్ 1978.

చిరంజీవి దివాకర్‌ను దీవించి వదిన గంగక్క రాసేది.

ఇక్కడ నేను, మీ అన్న ఓబుళేసు, మీ మేనత్త హనుమంతమ్మ, మిషనులో కాయలు పోసే తిప్పయ్య, రెండెద్దులు అందరం బాగున్నాం. ఇంజను ఒక్కటే బాగాలేదు. నీకు రాంచీలో వేలమంది పనిచేసే ఫ్యాక్టరీ ఉంది, అక్కడ ఇంజను పాడైతే ఇంకొకటి ఉంటుంది. మన శెనక్కాయలు ఒలిచే మిషనుకు ఉన్నది ఒకే ఒక్క ఇంజను. మామ దాన్ని కొన్న ఏడే నువ్వు పుట్టావు. ఇద్దరికీ ఇరవై ఏడు నిండాయి. నీకింకా పెళ్లి కాలేదు, దానికింకా చావు రాలేదు.

దాన్ని లేపడం నీకు గుర్తుంది కదా. అరగంట దాని తలకాయకు దీపం పెట్టి కాల్చాలి. తర్వాత ఛాతీ ఎత్తు చక్రాన్ని చేత్తో పట్టి తిప్పాలి. బుద్ధి పుడితే లేస్తుంది, లేకపోతే మళ్లీ దీపం. పోయిన సీజనులో ఊళ్లోవాళ్లు మన ఇంజను చప్పుడు విని నిద్ర లేవడం మానేసి, అది లేచిందా అని మమ్మల్ని అడగడానికి వచ్చారు.

పోయిన వారం అనంతపురం నుంచి ఇంజన్లు అమ్మే మనిషి వచ్చాడు. బొమ్మల కాగితాలు పరిచాడు. కొత్తది చిన్నదంట, పక్కన హ్యాండిలు ఒకటి తిప్పితే చాలంట, బ్యాంకు అప్పు ఇస్తుందంట. మీ అన్న అంతా విని, మజ్జిగ తాగించి, "మా ఇంజనుకేమప్పా, ఏనుగు మాదిరి ఉండాది" అని పంపించేశాడు. కాయ కార్తీకంలో వస్తుంది. బ్యాంకువాళ్లకు వినాయక చవితి లోపల చెప్పాలి. నేను చెప్తే ఆడమనిషి మాట. చదువుకున్న తమ్ముడు కాగితం మీద లెక్క కట్టి చూపిస్తే వింటాడేమో. ఏదన్నా దారి ఉంటే రాయి.

మీ అన్న ఎందుకు రాయలేదని అడుగుతావు. తీరిక లేదు. వీధిలోవాళ్ల అర్జీలు కూడా ఈ మధ్య నేనే రాస్తున్నా, చూసుకో నా హోదా.

మీ వదిన,
గంగక్క


రాంచీ,
21 జూన్ 1978.

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదవడానికి పావుగంట, అర్థం చేసుకోవడానికి అరగంట పట్టింది. నీ 'త'కూ 'వ'కూ తేడా కనిపెట్టే యంత్రం మా ఫ్యాక్టరీలో కూడా లేదు. అన్న రాత ఎలా ఉండేది! గుండ్రంగా, ఒక్కో అక్షరం కూర్చుని తీర్చినట్టు. తహసీల్దారు కూడా అర్జీ చదవకముందే ఇది ఓబుళేసు రాసిందా అని అడిగేవాడు. దీపావళి నుంచి ఆయన అక్షరం ఒక్కటి కూడా చూడలేదు. ఈ ఏడాది ట్రైనింగులో సెలవు దొరకదని చెప్పినందుకు కోపమా? కోపమైతే తిడుతూ రాయమను, ఆ తిట్లయినా గుండ్రంగా వస్తాయి.

ఇక ఇంజను. నీ అదృష్టం చూడు, పోయిన నెలే మాకు ఇదే పాఠం చెప్పారు. ముసలి యంత్రాన్ని ఉంచాలా, మార్చాలా అని తేల్చడానికి ఒక చెట్టు గీస్తారు. చెట్టంటే నిలబడి ఉండదు, కాగితం మీద పక్కకు పడుకుని ఉంటుంది. మొదట్లో ఒక పెట్టె గీస్తాం. పెట్టె అంటే మన చేతిలో ఉన్నది: పాతది ఉంచాలా, కొత్తది తేవాలా. అక్కడి నుంచి రెండు కొమ్మలు. ఒక్కో కొమ్మ చివర సున్న గీస్తాం. సున్న అంటే మన చేతిలో లేనిది: వాన వస్తుందా రాదా, ఇంజను ఆగుతుందా ఆగదా. ఒక్కో సున్న నుంచి మళ్లీ కొమ్మలు. దేనికి ఎంత అవకాశమో ఆ కొమ్మ మీద రాసి, చివర ఏమి దక్కుతుందో వేసి, వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే ఏ కొమ్మ బరువో తేలిపోతుంది.

నాకు రెండు సంగతులు కావాలి. పదేళ్లలో ఎన్నేళ్లు మంచి పంట వస్తుంది? మంచి పంట వచ్చిన పది సీజన్లలో ఎన్నిసార్లు ఇంజను మధ్యలో ఆగిపోతుంది? లెక్క అడిగితే మనవాళ్లు కథ చెప్తారు కాబట్టి, పది శెనగ్గింజలు ముందు పెట్టి, మంచివాటికి ఇటు, చెడ్డవాటికి అటు తొయ్యమను. నా పేరు చెప్పకు, అన్న గట్టిపడిపోతాడు. ఏదో పత్రికలో వచ్చిన పొడుపు కథ అని చెప్పు.

ఇక్కడ వాన అడగకుండానే పడుతోంది. చూస్తే కడుపు మండుతుంది.

నీ మరిది,
దివాకర్


ఉరవకొండ,
3 జూలై 1978.

చిరంజీవి దివాకర్‌కు.

నా రాతను వెక్కిరించినవాడికి నేను రాయకూడదు. కానీ నీ పది గింజల సంబరం చెప్పకపోతే నాకే కడుపు ఉబ్బిపోతుంది.

ఆదివారం మిషను దగ్గర నీడలో ముగ్గురినీ కూర్చోబెట్టి గింజలు పెట్టాను. మొదట వాన. మీ అత్త నాలుగు ఇటు తోసి, ఆరు అటు తోసి, "నాలుగు కూడా దేవునికి మొగమాటానికి పెట్టినా" అంది. తిప్పయ్యను అడిగితే ఆలోచిస్తా ఆలోచిస్తా రెండు నోట్లో వేసుకున్నాడు. "యాడికి పోయినాయి తిప్పయ్యా?" అంటే, "ఆ రెండేండ్లు విత్తనాలు కూడా తినేసినామమ్మా" అన్నాడు. అందరం నవ్వాం. చివరికి నాలుగు, ఆరు అనే ఒప్పుకున్నారు.

తర్వాత ఇంజను. మీ అన్న తిప్పయ్య నోరు తెరవకముందే ఎడమచేత్తో అయిదు ఇటు, అయిదు అటు తోసేశాడు. "పదిలో అయిదుసార్లు ఆగుతాది. అంతే. ఆగినా మా మిషను దగ్గర కాయలు పెట్టుకుని కూసుంటారు రైతులు, యాడికీ పోరు." తిప్పయ్య నా వైపు చూశాడు. నేను గింజల వైపు చూశాను. సరే, నువ్వు అయిదు అనే రాసుకో.

మంచి ఏడు మూడు వేల మూటలు వస్తాయి, చెడ్డ ఏడు వెయ్యి. మధ్యలో ఆగితే సగం మూటలు బళ్లారి మిషన్ల దారి పడతాయి. కొత్త ఇంజను అప్పు కంతులు ఏటికి ఎంతవుతాయో బ్యాంకు గుమాస్తాను అడిగాను. ఆరు వందల మూటలు ఒలిచిన కూలి అంత అవుతుందని తేల్చాడు.

నీ పెళ్లికి కూడా ఒక చెట్టు గీసి పంపు. గుత్తి సంబంధం ఒక కొమ్మ, యాడికి ఊరి సంబంధం ఒక కొమ్మ. గింజలు నేను తోస్తా.

మీ వదిన,
గంగక్క


రాంచీ,
14 జూలై 1978.

వదినకు నమస్కారాలు.

నన్ను తిట్టుకోకు. చెట్టు నీ పక్షాన పండలేదు.

కొత్త ఇంజను కొమ్మ చూడు. మంచి ఏడు మూడు వేలు, చెడ్డ ఏడు వెయ్యి. నాలుగు, ఆరు చొప్పున కలిపితే సగటున ఏటికి పద్దెనిమిది వందల మూటలు. కంతులకు ఆరు వందలు పోతే మిగిలేది పన్నెండు వందలు. ఇప్పుడు పాత ఇంజను కొమ్మ. చెడ్డ ఏడు పని తక్కువ, అది ఎట్లాగో ఈడుస్తుంది, వెయ్యి. మంచి ఏడు నడిస్తే మూడు వేలు, ఆగితే పదిహేను వందలు, అన్న చెప్పినట్టు సగం సగం. అంతా కలిపితే పదిహేను వందలు. పాతదే మూడు వందల మూటలు ఎక్కువ. నేను రెండుసార్లు వేసి చూశాను. మా ఆఫీసరుకు కూడా చూపించాను, ఆయన నా గీతలు చూసి మెచ్చుకున్నాడు.

ఎట్లాగూ అన్నకు చూపించాలి కదా అని, పెద్ద కాగితం మీద ఎర్ర సిరా, నల్ల సిరాతో చెట్టంతా తీర్చి, అన్న పేరు మీద రిజిస్టరు పోస్టులో విడిగా పంపాను. ఎక్కడన్నా పోతుందేమోనని భయం, అంత బాగా వచ్చింది. మన భాషలోనే పొట్టిగా రాశాను: వాన వచ్చే ఏళ్లకు 'నాలుగు పాళ్లు', రాని ఏళ్లకు 'ఆరు పాళ్లు', అంతే. వివరమంతా ఈ ఉత్తరంలో ఉంది కాబట్టి అందులో వేరే ఏమీ పెట్టలేదు. ఇది చదివి నువ్వే విడమర్చి చెప్పు.

కాకపోతే ఒకటి అర్థం కావడం లేదు. పాతదే మేలని తేలితే నువ్వు సంతోషించాలి కదా, ఖర్చు తప్పింది. రాసేటప్పుడు నాకెందుకో నీ మొహం మాడిపోయినట్టు కనిపిస్తోంది.

దివాకర్


ఉరవకొండ,
28 జూలై 1978.

ఓ ఇంజనీరయ్యా!

నువ్వు ఎర్ర సిరా, నల్ల సిరా పెట్టి నా కొంప ముంచావు. నిదానంగా చదువు.

నీ రిజిస్టరు మొన్న గురువారం వచ్చింది. నేను చేనికి పోయాను. ఈ ఇంటికి ఇంతకుముందు రెండే రిజిస్టర్లు వచ్చాయి, రెండూ మామ తన అన్నదమ్ములతో వేరుపడినప్పుడు కోర్టు నుంచి వచ్చినవే. పోస్టుమ్యాను రిజిస్టరు అనగానే మీ అత్త చేతిలో చేట కింద పెట్టేసి వాకిట్లోకి వచ్చింది. మీ అన్న విప్పాడు. లోపల ఉత్తరం లేదు, మంచి లేదు చెడ్డ లేదు, ఒక చెట్టు. మీ అత్తకు అక్షరం రాదు గానీ చెట్టు తెలుసు. "ఇదే చెట్టురా! మా వాళ్లు వేరుపడిన దినం కరణం గీసింది ఇదే!" అని అరిచిందంట. "మొదట్లో ఆ పెట్టెలో ఏమి రాసినాడు?" అంటే మీ అన్న "మిషను" అని చదివాడు. "కొమ్మల మీదేమి రాసినాడు?" అంటే, "ఒకదాని మీద పాతది, ఒకదాని మీద కొత్తది. నాలుగు పాళ్లు, ఆరు పాళ్లు" అని చదివాడు.

ఇంకేముంది! "చిన్నోడు పాళ్లు అడుగుతాండాడు! అదీ వానికి ఆరు, పెద్దోనికి నాలుగా! ఎత్తుకుని పెంచితిని కదరా!" అని మీ అత్త ఏడుపు. నేను వచ్చేసరికి వీధంతా మన వాకిట్లో ఉంది. మీ అన్న అరుగు మీద కూర్చుని ఆ కాగితాన్నే చూస్తున్నాడు. అన్నం తినలేదు. చాలాసేపటికి, "అడిగితే తప్పేముండాది. నాయన సొమ్ము వానికీ ఉండాది. కొత్తది వానికి కొనిద్దాం. నాకు పాతది చాలు" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. నీ ఉత్తరం నా చేతికి సోమవారం వచ్చింది. చదివి, దొడ్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. నవ్వి లోపలికి వచ్చి చూస్తే ఏముంది? ఏడాదిగా నేను మొత్తుకున్నా కదలని మనిషి శనివారమే అనంతపురం బస్సెక్కి పోయి, ఆ ఇంజన్లమ్మే మనిషిని కలిసి, బ్యాంకు కాగితాలు తెచ్చి పెట్టుకున్నాడు. తమ్ముని పాలు తమ్మునికి ఇచ్చేయాలంట.

ఇప్పుడు చెప్పు. నేను నోరు తెరిచి, ఇది పాళ్లు కాదు, వానల లెక్క అన్నానా, ఆ కాగితాలు చించేస్తాడు. నోరు మూసుకుంటే దీపావళికి కొత్త ఇంజను వస్తుంది. అది ఎవరి పాలన్నది తర్వాత చూసుకోవచ్చు. మీ అత్త నిన్ను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిడుతుంది, దానికి నువ్వు కొంచెం ఓర్చుకోవాలి. ఇది నా చేతిలో ఉన్న పెట్టె. నాలుగు దినాలుగా మూసే పెట్టాను. తప్పే. నీతో చెప్పకుండా ఉండలేక రాస్తున్నా.

గంగక్క


రాంచీ,
6 ఆగస్టు 1978.

వదినా,

నీ ఉత్తరం హాస్టలు మెట్ల మీద నిలబడి చదివాను. ఆరు పాళ్ల దగ్గర గట్టిగా నవ్వాను, పక్కవాళ్లు తిరిగి చూశారు. 'నాకు పాతది చాలు' దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి నేనూ అన్నం తినలేదు, అన్నకూ నాకూ లెక్క సరిపోయింది.

వెంటనే చెప్పేయి. నేను పాలు అడిగానని ఆయన ఒక్క పూట నమ్మినా నాకు తల కొట్టేసినట్టుంది, పదిహేను రోజులుగా నమ్ముతున్నాడంటే ఎట్లా బతకను? నాకు ఇంజను వద్దు, మిషను వద్దు. అబద్ధం మీద ఏ ఇంజనూ తేవద్దు. అత్తకు చెప్పు, ఆ ఆరు పాళ్లు కరువుకు ఇచ్చాను, నాకు కాదు.

ఇక నా వంతు. నేను ఇప్పుడు అడిగేదానికి వెక్కిరింపు లేకుండా జవాబు రాయి.

రిజిస్టరు ముట్టినట్టు సంతకం పెట్టి తిప్పి పంపే కార్డు నాకు నిన్న వచ్చింది. అన్న రాత చూసి ఎన్ని నెలలైందో అని ఆశగా చూశాను. సంతకం లేదు. వేలిముద్ర ఉంది. ఎస్సెల్సీ చదివిన మనిషి, ఊరందరికీ అర్జీలు రాసిన మనిషి వేలిముద్ర ఎందుకు వేశాడు? అప్పుడు నీ పాత ఉత్తరాలన్నీ ముందు వేసుకున్నాను. అర్జీలు నువ్వు రాస్తున్నావు. అన్న గింజలు ఎడమచేత్తో తోశాడు. తిప్పయ్య నీ వైపు చూశాడు, నువ్వు గింజల వైపు చూశావు. లెక్క పాతదే మేలని చెప్తున్నా నువ్వు కొత్తదాని కోసం అబద్ధం కూడా మోయడానికి సిద్ధపడ్డావు.

అన్న చేతికి ఏమైంది?

దివాకర్


ఉరవకొండ,
15 ఆగస్టు 1978.

నాయనా దివాకరా,

చెప్తా. నీకు చెప్పకూడదని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు, ఒట్టు పోతే పోనీ.

పోయిన కార్తీకంలో, సీజను మొదలైన మూడో దినం. పొద్దున దీపం పెట్టి కాల్చి, చక్రం పట్టి తిప్పాడు. అది లేచినట్టే లేచి ఎదురు తిరిగింది. కుడిచెయ్యి తీసేలోపల మణికట్టు విరిచేసింది. వాకిట్లో రైతుల బండ్లు నిలబడి ఉన్నాయి. ఆస్పత్రికి పోదామంటే, "బండ్లు తిరిగి పోతాయి" అని, కట్టు కట్టే ఆయన్ని పిలిపించి కట్టించుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. మూడు వేళ్లు ముడవలేడు. ముద్ద కలుపుకోగలడు గానీ కలం పట్టలేడు. అప్పుడు నువ్వు పోయి మూడు నెలలే. నువ్వు ట్రైనింగు మానుకుని వచ్చేస్తావని నీకు చెప్పనివ్వలేదు. తర్వాత చెప్దామంటే, "నా రాత చూసి నేర్చుకున్నోడు. వానికి ఈ వంకర గీతలు పంపమంటావా?" అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి చక్రం ఎడమచేత్తో తిప్పుతున్నాడు. తిప్పయ్యను చెయ్యి పెట్టనివ్వడు. ఒక్కో పొద్దున ఆ చక్రం కదిలేటప్పుడు నేను వంటింట్లో కళ్లు మూసుకుని నిలబడతా. ఇంజను లేచిన చప్పుడు వినపడితే కళ్లు తెరుస్తా. సీజను అంటే అట్లా తొంభై పొద్దులు. నీ చెట్టుకు నేను ఈ కొమ్మ చెప్పలేదు. చెప్పకుండానే లెక్క నా వైపు వస్తుందని ఆశపడ్డా.

ఇంకో అబద్ధం కూడా ఉంది. పదిలో అయిదుసార్లు ఆగుతుందన్నది మీ అన్న రోషం. మంచి పంట వచ్చిన ప్రతి ఏడూ అది సగంలో ఆగుతుంది. తిప్పయ్యను అడిగితే పది గింజలూ అటే తోసేవాడు.

నువ్వు చెప్పమన్నట్టు నిన్న పాళ్ల సంగతి విడమర్చి చెప్పేశాను. మీ అత్త, "నాకు అప్పుడే తెలుసు, నా బిడ్డ అట్లాంటోడు కాదు" అని నాకే చెప్తోంది. మీ అన్న ఆ కాగితాన్ని మళ్లీ తీసి చాలాసేపు చూశాడు. నవ్వాడు దివాకరా, నెల తర్వాత. "బాగా కట్టినాడు లెక్క. చూడు, పాతదే గెలిచింది" అన్నాడు. బ్యాంకు కాగితాలు మడిచి దూలం సందున పెట్టేశాడు.

నిజం చెప్పి ఇంజను పోగొట్టుకున్నా. చవితికి ఇంకా ఇరవై దినాలుంది. నాకు భయంగా ఉంది.

గంగక్క


రాంచీ,
22 ఆగస్టు 1978.

అన్నకు నమస్కారాలు.

వదిన మీద కోప్పడకు. వేలిముద్ర కార్డు నా దగ్గర ఉంది, ఆమె చెప్పకపోయినా తెలిసిపోయింది. ఇంతమాట నా దగ్గర తొమ్మిది నెలలు దాచావు. నేను పాలు అడిగానని నువ్వు ఇరవై రోజుల పైనే నమ్మావు. ఇద్దరం సమానం అనుకుందాం. కాదులే, నీదే ఎక్కువ.

పాళ్ల సంగతి నాతో కూడా ఒకసారి విను. ఆ ఇంట్లో నాకు కావలసిన పాలు, పొద్దున వదిన పొయ్యి మీద నుంచి దించి గ్లాసులో పోసేవే. అవి కూడా మీగడ తీసి ఇస్తుందని అత్తతో చెప్పు.

లెక్క మళ్లీ కట్టాను. పది గింజలూ అటే తోసి కట్టాను. మంచి ఏడు ఇంజను సగంలో ఆగితే పదిహేను వందలు, చెడ్డ ఏడు వెయ్యి. సగటున పన్నెండు వందలు. కొత్తదానికి ముందు ఎంత వచ్చిందో చూడు. అదీ పన్నెండు వందలే. ఇటు పన్నెండు, అటు పన్నెండు. మా ఆఫీసరుకు చూపిస్తే, "రెండూ ఒకటే, ఏదైనా చేసుకోవచ్చు" అన్నాడు. లెక్క చేతులెత్తేసింది అన్నా.

పాత కొమ్మ మీద ఇంకో సున్న ఉంది. చక్రం ఎదురు తిరుగుతుందా, తిరగదా. ఆ కొమ్మ చివర ఏమి పోతుందో మూటల్లో రాయాలి. నేను కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నీ ఎడమచెయ్యి ఎన్ని మూటలు? వంద అని రాయనా, వెయ్యి అని రాయనా? రాయలేకపోయాను. ఏడ్చాను, దాచడమెందుకు.

నాకు అక్షరాలు దిద్దించింది నువ్వు. నా చెయ్యి నీ చేతిలో పెట్టుకుని మిషను వాకిట్లో ఇసుకలో తిప్పావు. 'ఉ' నాకెప్పుడూ వంకరగానే వచ్చేది. నేను చెరిపేస్తుంటే నువ్వు చెరపనివ్వలేదు. "వంకర పోతే పోనీరా. ఉ అంటే ఉ నే కదా" అన్నావు. నాకు మాత్రం వంకర రాత పంపడానికి సిగ్గుపడ్డావు.

వాన సున్న. పంట సున్న. బళ్లారి దారి పట్టే బండ్లు సున్న. ఇన్ని సున్నల మధ్య మన చేతిలో ఉన్నది ఒకే ఒక్క పెట్టె. అందులో ఏమి రాయాలో నువ్వు రాయి. వదిన చేత రాయించకు. ఏ చేత్తోనైనా, ఎట్లా ఉన్నా, నువ్వే రాయి.

నీ తమ్ముడు,
దివాకర్


ఉరవకొండ,
2 సెప్టెంబరు 1978.

చిరంజీవి దివాకర్‌కు,

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. నాది చిన్నది. రెండోది విప్పేముందు చేతులు కడుక్కో, అది తయారవడానికి మూడు దినాలు పట్టింది.

నీ ఉత్తరం మీ అన్న నాకు చదవనివ్వలేదు. తానే చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మిషనులోకి పోయి ఇంజను పక్కన కూర్చున్నాడు. సాయంత్రం మీ అత్తను పిలిచి, "వానికి పాలలో మీగడ తీసి ఇస్తాందంట మీ కోడలు, అట్లనా?" అని అడిగాడు. ఇప్పుడు అది పంచాయితీ అయింది. నీకు పుణ్యముంటుంది, ఇక ఈ ఇంటికి పాలు అన్న మాట రాయకు.

మర్నాటి నుంచి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చోవడం. పలక కావాలన్నాడు. ఊరందరికీ అర్జీలు రాసిన మనిషికి పలక తెచ్చిచ్చాను. తిప్పయ్య సందులోంచి చూసి వచ్చి, "అమ్మా, అన్న అ ఆలు దిద్దుతాండాడు" అన్నాడు. నేను వంటింట్లోకి పోయాను. ఈసారి నిలబడింది భయంతో కాదు.

ఇక్కడ వాన నిన్న నాలుగు చినుకులు పడింది. కాయ పడుతుందో లేదో తెలియదు. మిగిలింది ఆయన రాశాడు. నేను చూశాను, కానీ నాకు అది సున్న లాగా కనిపించింది. నువ్వు చూసి చెప్పు.

నీ వదిన,
గంగక్క


దివాకరా,

ఎడమచేత్తో రాస్తాండా. నిదానంగా చదువు.

దూలంలో కాగితాలు తీసి బ్యాంకులో ఇచ్చినా. దీపావళికి కొత్తది వస్తాది. హ్యాండిలు ఎడమ పక్క పెట్టించుకుంటా అని చెప్పినా. పాతదాన్ని అమ్మను. నాయన కొన్నది. మూలన ఉంటాది. నువ్వు వచ్చినప్పుడు దాన్ని చూడు గానీ చక్రం మీద చెయ్యి పెట్టొద్దు.

నీ మీద అట్ల అనుకున్నది తప్పు.

కింద గీసినా. మూడు దినాల నుంచి గీస్తాండా. లోపల కొత్తది అని రాసినా. నాలుగు మూలలూ కుదరలేదు, గుండ్రమయిపోయినాయి. మీ వదిన సున్న అంటాంది.

సున్న కాదు రా. వంకర పోతే పోనీ. పెట్టె అంటే పెట్టే.

ఓబుళేసు